ఒళ్లు ఎలా కదులుతుందో నేర్చుకుందాం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరు కుందలహళ్లిలో, మా మేడమీది హాల్లో, వారానికి మూడు రోజులు పొద్దున ఆరున్నరకి ఈ తరగతులు జరుగుతాయి. నేను ఫిజియోథెరపీ చదివింది తిరుపతిలో, పనిచేస్తున్నది ఇక్కడ. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. ఔటర్ రింగ్ రోడ్డు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, మనవల్ని చూసుకోవడానికి కడప నుంచో నెల్లూరు నుంచో వచ్చిన అమ్మలూ నాన్నలూ. చేరేముందు ఫోన్లో అందరూ అడిగేవి దాదాపు ఇవే. తీరిగ్గా చదవండి. అమ్మావాళ్లకి చదివి వినిపించండి.

ఇక్కడ నేర్పేది యోగానా, జిమ్మా, ఫిజియోథెరపీయా?

మూడింటి నుంచీ తీసుకుంటాం. కానీ ఇది చికిత్స కంటే చదువు అనుకుంటే సరిగ్గా ఉంటుంది. మీ కాలు తుంటి దగ్గర ఎక్కడ మడుస్తోందో, చెయ్యి పైకెత్తితే వీపు మీద రెక్క ఎముక ఎటు జారుతోందో ముందు మీకు తెలియాలి. అది తెలిశాక దాని మీద బరువు పెడతాం. ముందు గమనిక, తర్వాత బరువు. ఈ వరస ఎవరికీ మార్చను.

ఈ దారిలో మాకంటే ముందు నడిచినవాళ్లున్నారు. మనం ఊరెళ్లేటప్పుడు దాటే కోలారు జిల్లాలోనే, బెళ్లూరు అనే పల్లెలో 1918లో బి.కె.ఎస్. అయ్యంగార్ పుట్టారు. చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ వచ్చి చిక్కిపోయిన పిల్లవాడు ఆయన. మైసూరులో కృష్ణమాచార్య దగ్గర యోగా నేర్చుకుని, తర్వాత కుర్చీ, తాడు, చెక్కముక్క, దుప్పటి ఆసరాగా పెట్టి, వంగలేనివాళ్లు కూడా ఆసనం వేసేలా చేశారు. మోషే ఫెల్డెన్‌క్రైస్ అని ఇంకొకాయన (1904–1984), భౌతికశాస్త్రం చదివి జూడో నేర్పిన మనిషి. మోకాలు దెబ్బతిన్నాక, తాను ఎలా కదులుతున్నాడో చిన్నచిన్న కదలికలతో గమనించుకుంటూ ఒక పద్ధతి తయారుచేశాడు. మా తరగతిలో కుర్చీలు, దుప్పట్లు ఎందుకున్నాయో, మొదటి పదిహేను నిమిషాలు నేలమీద పడుకుని నెమ్మదిగా ఎందుకు కదులుతామో ఇప్పుడు తెలిసింది కదా.

కదలడం కూడా ఒకరు నేర్పాలా? పుట్టినప్పట్నుంచీ కదులుతూనే ఉన్నాం కదా?

రెండేళ్ల పిల్ల నేలమీది గులకరాయి ఎలా తీసుకుంటుందో చూడండి. గొంతుక్కూర్చుంటుంది, మోకాళ్లు, తుంటి, చీలమండలు మూడూ కలిసి మడుస్తాయి. అదే పిల్లకి పాతికేళ్లొచ్చి, రోజుకి తొమ్మిది గంటలు కుర్చీలో, రెండు గంటలు క్యాబ్‌లో గడిస్తే, ఆ మూడింటిలో రెండు పని మానేస్తాయి. భారమంతా నడుం మీద పడుతుంది.

మొదటి రోజు నేల మీద ఒక చెంబు పెట్టి తీయమంటాను. చాలామంది కాళ్లు కర్రల్లా నిలబెట్టి, నడుం దగ్గర గుండ్రంగా వంగి తీస్తారు. అలా వంగడం తప్పని నేను చెప్పను. వెన్ను వంగడానికే ఉంది. కానీ రోజుకి వందసార్లూ అదొక్కటే దారి అయినప్పుడు అది అలిసిపోతుంది. రెండో దారి చూపించడమే నా పని.

ఇప్పుడే చేసి చూడండి. నిలబడి, తొడా పొత్తికడుపూ కలిసే మడతలో రెండు అరచేతుల అంచులూ పెట్టుకోండి. రెండు చేతుల్లో బిందెలుంటే తలుపుని పిర్రలతో వెనక్కి నెట్టి మూస్తాం కదా, అలా పిర్రలు వెనక్కి పంపండి. మోకాళ్లు కాస్త వదులుగా ఉండనివ్వండి. అరచేతులు ఆ మడతలో నొక్కుకుంటే తుంటి దగ్గర వంగినట్టు. నొక్కుకోకపోతే నడుం దగ్గర వంగినట్టు. తొడల వెనక లాగినట్టు తెలుస్తుంది, అక్కడే ఆగండి. బియ్యం మూట ఎత్తడమైనా, బకెట్ తీయడమైనా, మెటల్ బార్ లేపడమైనా ఈ ఒక్క కదలిక మీదే నిలబడి ఉంది.

కరెంటు పోయి చీకట్లో తింటున్నా ముద్ద నోటికే వెళ్తుంది, ముక్కుకి తగలదు. కళ్లతో చూడకుండానే చెయ్యి ఎక్కడుందో ఒంటికి తెలుసు. కండరాల్లో, కీళ్లలో ఉన్న నరాల కొసలు ఆ కబురు మెదడుకి పంపుతుంటాయి. ఈ తెలివికి 1906లో చార్లెస్ షెరింగ్టన్ అనే ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ప్రోప్రియోసెప్షన్ అని పేరు పెట్టాడు. వాడని చోట ఈ తెలివి మొద్దుబారుతుంది, వాడితే పదునెక్కుతుంది. నేర్పాల్సిందీ, నేర్చుకోగలిగిందీ అదే.

తెలుగులోనే ఎందుకు చెప్తారు?

ఒళ్లు ఇంటి భాషలో వింటుంది గనక. జిమ్‌లో 'ఎంగేజ్ యువర్ కోర్' అంటారు, పొట్టా నడుమూ చుట్టూ ఉన్న కండరాల్ని పనిలో పెట్టమని. అందరూ తలూపుతారు, ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాక్కుంటారు. అది కాదు కావలసింది. 'దగ్గు రాబోయే ముందు పొట్ట చుట్టూ ఎలా గట్టిపడుతుందో, అందులో పావు వంతు చాలు, ఊపిరి ఆడుతూ ఉండాలి' అంటే కడప నుంచి వచ్చిన అత్తమ్మకీ ఒక్కసారికే వస్తుంది. కన్నడం మాట్లాడేవాళ్లు వచ్చిన రోజు కన్నడంలోనూ చెప్తాను. బిందె, రోలు, జల్లెడ వాళ్లింట్లోనూ ఉన్నవే.

నొప్పి ఉన్నప్పుడు కదిలితే ఇంకా పాడవదా?

ఈ భయం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేనూ అందులో పడ్డాను. మా నాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు మంచం మీంచి ఆయన్ని లేపుతుంటే నాకు నడుం పట్టేసింది. నేను చూపించుకున్నచోట 'ఇక జన్మలో బరువులు ఎత్తొద్దు' అన్నారు. చదువుకున్నదంతా పక్కనపెట్టి ఆ మాటే నమ్మాను. ఆర్నెల్లు వంగలేదు, నా కూతుర్ని ఎత్తుకోలేదు. నొప్పి తగ్గలేదు సరిగదా, తల దువ్వుకోవడానికి చెయ్యెత్తినా నడుం బిగుసుకునేది.

దొంగ పడిన ఇంటిని తలుచుకోండి. దొంగ పోయి నెలలైనా, ఆ ఇంట్లోవాళ్లు పిల్లి దూకినా లేచి కూర్చుంటారు. గాయం మానిన తర్వాత కూడా మన నరాల వ్యవస్థ అలాగే కాపలా కాస్తుంది. చిన్న వంపుకి కూడా పెద్ద కేక వేస్తుంది. ఆ నొప్పి నిజమైనదే, మీ ఊహ కాదు. కానీ నొప్పి ఎంతుందో గాయం అంతుందని అర్థం కాదు. మూడు నెలలు దాటిన నొప్పుల్లో ఈ తేడా మరీ ఎక్కువ. ఆ కాపలాదారుకి నెమ్మదిగా, రోజూ, 'ఏమీ కాలేదు, వంగినా ఏమీ కాలేదు' అని చూపించాలి. మాటలతో చెప్తే వినదు. కదిలి చూపిస్తే వింటుంది.

మేం పాటించే కొలత ఒకటుంది. నొప్పికి సున్నా నుంచి పది వరకు మెట్లు అనుకోండి. కదిలేటప్పుడు మూడో మెట్టు వరకు వస్తే ఫర్వాలేదు. మర్నాడు పొద్దునకి ఎప్పుడూ ఉండేంతకి దిగిపోవాలి. దిగకపోతే చేసింది తప్పు కాదు, మోతాదు ఎక్కువైంది. తర్వాతి రోజు సగం చేస్తాం. అసలు మానం.

ఎంఆర్ఐలో డిస్క్ బల్జ్ అని వచ్చింది. రావచ్చా?

రావచ్చు, కింద చెప్పబోయే ప్రమాద సూచనలు లేకపోతే. డిస్కు అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల, అది కాస్త ఉబ్బితే బల్జ్ అంటారు. ఆ రిపోర్టు చదివి ఏడ్చినవాళ్లని చూశాను, అందుకే ఈ లెక్క చెప్తున్నాను. నడుంనొప్పి లేని 3,110 మంది స్కాన్లని కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో వచ్చింది. నొప్పి లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కుల అరుగుదల, 30 శాతం మందికి బల్జ్ కనిపించాయి. ఎనభై ఏళ్లవాళ్లలో అవి 96, 84 శాతం. తల నెరిసినట్టే వెన్నూ నెరుస్తుంది. కొందరికి డిస్కు నరాన్ని నొక్కి నిజంగా బాధపెడుతుంది, వాళ్లకి చూసే పద్ధతి వేరు. కానీ కాగితం మీద మాట చూసి మీ నడుం పెంకులా పగిలిపోతుందని అనుకోకండి.

ముందు డాక్టర్నే చూడాల్సింది ఎప్పుడు?

మూత్రం, విరేచనం అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, కాలిలో బలం రోజురోజుకీ తగ్గడం. ఈ మూడింటిలో ఏది వచ్చినా అదే రోజు, రాత్రయినా సరే, ఆసుపత్రికి వెళ్లండి. నొప్పితోపాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇదివరకు క్యాన్సర్ వచ్చి ఉండటం, కిందపడ్డాక మొదలైన నొప్పి, పడుకున్నా ఏ భంగిమలోనూ తగ్గని రాత్రి నొప్పి ఉంటే డాక్టరుకి చూపించాకే మా దగ్గరికి రండి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే దాన్ని కండరం పట్టేసిందని రుద్దకండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే వ్యాయామం మాటే వద్దు, అంబులెన్స్‌ని పిలవండి.

ఆఫీసు కుర్చీ మార్చితే మెడనొప్పి పోతుందా?

కొంత సుఖంగా ఉంటుంది. ముప్ఫై వేల కుర్చీ కొన్నవాళ్లూ మా దగ్గరికి వస్తూనే ఉన్నారు. తల బరువు సుమారు 5 కిలోలు. దాన్ని మెడ ఏ కోణంలోనైనా మోయగలదు. గంటల తరబడి ఒకే కోణంలో మోయమంటేనే మొరాయిస్తుంది. నిటారుగా కొయ్యలా కూర్చున్నా అంతే. నా దృష్టిలో మంచి కూర్చోవడం అంటే తొందరగా మారిపోయే కూర్చోవడం. అరగంటకోసారి లేవండి. మీటింగులో కెమెరా ఆపి నిలబడండి. సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో బండి ఆగినప్పుడు చెవుల దగ్గరికి ఎక్కిన భుజాల్ని కిందికి వదిలి, పళ్ల బిగువు సడలించండి. సిగ్నల్ పడేలోపు మెడ ఎంత తేలికపడుతుందో మీకే తెలుస్తుంది.

దాంతోపాటు వీపు పైభాగానికి బలం కావాలి. తలుపు గడియకి పాత తువ్వాలు చుట్టి, రెండు కొసలూ పట్టుకుని వెనక్కి వాలి, మోచేతులు డొక్కల వైపు లాగుతూ పైకి రండి. తలుపు మీ వైపు తెరుచుకునేది కాకుండా చూసుకోండి.

మా అమ్మకి అరవై మూడు. మోకాళ్లు అరిగిపోయాయన్నారు. ఆమె ఏం చేయగలదు?

ఎంతో చేయగలదు. అన్నిటికంటే ఇష్టంగా జవాబు చెప్పే ప్రశ్న ఇది.

'అరిగిపోవడం' అనే మాటే ముందు ఇబ్బంది పెడుతుంది. చెప్పు అరిగితే నడిచేకొద్దీ ఇంకా అరుగుతుంది, కాబట్టి నడక తగ్గించాలి అనిపిస్తుంది. మోకాలు చెప్పు కాదు. కీలులో ఎముకల కొసల మీద ఉండే నున్నటి పొరకి, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు లేవు. కీలు కదిలి, ఒత్తిడి పడి, వదిలినప్పుడు చుట్టూ ఉన్న ద్రవం నుంచి దానికి ఆహారం అందుతుంది. కదలిక తగ్గితే తొడ కండరం చిక్కిపోతుంది, అది మోయాల్సిన బరువూ కీలు మీదే పడుతుంది. మోకాళ్ల అరుగుదలకి చాలా దేశాల వైద్య మార్గదర్శకాలు మొదట సూచించేవాటిలో వ్యాయామం ఉంటుంది. ఆపరేషన్ తప్పనివాళ్లు ఉంటారు. వాళ్లకీ ముందుగా కూడబెట్టుకున్న బలం తర్వాత పనికొస్తుంది.

ఇంట్లో చిన్న పరీక్ష పెట్టండి. చేతుల్లేని కుర్చీ గోడకి ఆనించి, అమ్మ చేతులు ఛాతీ మీద కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలదో లెక్కపెట్టండి. మీరు పక్కనే నిలబడండి. 60 నుంచి 64 ఏళ్ల ఆడవాళ్లలో 12 కంటే తక్కువ, మగవాళ్లలో 14 కంటే తక్కువ వస్తే వయసుకి తగ్గ బలం లేనట్టు. తక్కువొస్తే దిగులొద్దు. ఈ పరీక్షే వ్యాయామం కూడా.

ఎలా లేవాలంటే, కుర్చీ అంచుకి జరగాలి. పాదాలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి తెచ్చుకోవాలి. ముక్కు మోకాళ్లు దాటి ముందుకి వచ్చేదాకా తుంటి దగ్గర వంగాలి. అప్పుడు పాదాలతో నేలని నొక్కి లేవాలి. వెనక్కి వాలి, చేతులతో మోకాళ్లు పట్టుకుని లేచే అలవాటున్నవాళ్లకి ఈ ఒక్క మార్పుతోనే మొదటి రోజు నొప్పి సగం తగ్గడం చూశాను. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు లెక్కపెడుతూ దిగాలి. కిందికి దిగడంలో తొడ కండరానికి మంచి పని దొరుకుతుంది. కష్టమైతే సీటు మీద రెండు దిళ్లు వేసి ఎత్తు పెంచండి, వారానికో దిండు తీసేయండి.

మనవణ్ణి ఎత్తుకోవడం ఇంకో పని. చేతులు చాచి ఎత్తొద్దు. ఒక మోకాలు దుప్పటి మీద ఆనించి, పిల్లాణ్ణి గుండెకి హత్తుకున్నాక లేవాలి. నేలమీద కూర్చోవడం పూర్తిగా మానిపించకండి. బాసింపట్టు కష్టమైతే ముక్కాలిపీట వేయండి. నేల నుంచి లేవగలగడం అంటే ఎప్పుడైనా పడితే తనంత తాను లేవగలగడం.

ఇంకో మాట, అమ్మని ఇక్కడికి తెచ్చుకున్న కొడుకులకీ కూతుళ్లకీ. ఊళ్లో అమ్మ పొద్దున్నే ముగ్గేసేది, కూరలకి నడిచి వెళ్లేది, నలుగురితో మాట్లాడేది. ఇక్కడ పదకొండో అంతస్తులో ఆ కదలికా పోయింది, ఆ మాటలూ పోయాయి. ఒంటరితనం నొప్పిని పెంచుతుంది. సాయంత్రం అరగంట ఆమెతో కలిసి కిందికి దిగండి.

గుంజిళ్లు తీస్తే మోకాళ్లు పాడవుతాయా? మోకాలు కాలివేళ్లు దాటకూడదంటారు.

మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టుకీ దాటుతుంది. దాటడం తప్పు కాదు, ఒక్కసారిగా ఎక్కువ బరువుతో దాటితే నొప్పి రావచ్చు. వినాయకుడి ముందు తీసే గుంజిళ్లు, తాలింఖానాల్లో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో, తీసిన బస్కీలు, దండీలు మనవే. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పిన కోడి రామ్మూర్తి నాయుడు ఆ కసరత్తులతోనే కలియుగ భీముడు అనిపించుకున్నారు. మీరు వంటగది గట్టు పట్టుకుని ఐదుతో మొదలుపెట్టండి. మడమలు లేచిపోతుంటే కింద పలచటి చెక్క పెట్టండి.

నేను రోజూ పార్కులో నడుస్తాను. చాలదా?

నడక మానకండి. ఆదివారం కబ్బన్ పార్కులో నడిస్తే మనసుకి కూడా మేలు. కానీ నడక గుండెకీ ఊపిరికీ ఇచ్చినంత బలం కండరానికి ఇవ్వదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దాంతోపాటు కనీసం రెండు రోజులు కండరాల బలానికి పని. 65 దాటినవాళ్లకి బ్యాలెన్స్ కసరత్తు వారానికి మూడు రోజులు. మనవాళ్లు మొదటిది చేసి రెండోది వదిలేస్తారు, ముఖ్యంగా ఆడవాళ్లు. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని నడిచినా మొదలైనట్టే.

భుజం పట్టేసి జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి వెళ్లట్లేదు.

షుగరు పరీక్ష చేయించుకున్నారా? భుజం ఇలా బిగుసుకుపోవడం మధుమేహం ఉన్నవాళ్లలో ఎక్కువ. నెలలు, ఒక్కోసారి ఏడాది దాటి పడుతుంది, చాలామందిలో వదులవుతుంది. బలవంతంగా విరిచే మసాజులు వద్దు. బల్ల మీద చెయ్యి ఆనించి, తుడిచే గుడ్డతో ముందుకి జారుస్తూ మీరు వెనక్కి జరగండి. రోజుకి నాలుగుసార్లు, కొంచెం కొంచెం.

బెల్టు, ట్రాక్షన్ వాడమంటారా?

ట్రాక్షన్ అంటే బరువులతోనో యంత్రంతోనో నడుముని లాగి ఉంచడం. దీర్ఘకాలపు నడుంనొప్పికి ఈ రెండూ అలవాటుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మీ డాక్టరు ప్రత్యేకంగా ఒక కారణానికి ఇచ్చి ఉంటే ఆయన్నే అడిగి మానండి. నూనె పట్టించి రుద్దించుకుంటే హాయిగా ఉంటుంది, ఆ హాయి ఉన్న గంటలో కదలండి.

బాలింతలు ఎప్పుడు రావచ్చు?

ఊపిరి పీల్చి వదలడం, పొత్తికడుపు కింది కండరాల్ని మెల్లగా పైకి లాగి వదలడం మొదటి వారాల్లోనే ఇంట్లో చేసుకోవచ్చు. సిజేరియన్ అయితే కుట్లు మానాక, మీ డాక్టరు సరేనన్నాక రండి. నడికట్టు కట్టుకోవచ్చు, ఊపిరి ఆడనంత బిగించకండి. దగ్గితే మూత్రం పడుతుందని చెప్పడానికి సిగ్గుపడొద్దు. అది చాలామందికి వస్తుంది, చాలావరకు బాగవుతుంది.

ఎన్నాళ్లకి తేడా తెలుస్తుంది?

మొదటి రెండు మూడు వారాల్లో వచ్చే బలం కండరం పెరగడం వల్ల కాదు. ఉన్న కండరాన్ని పిలవడం నరాలు నేర్చుకుంటాయి. కండరం కంటికి కనిపించేలా పెరగడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువులకి ఇంకా ఎక్కువ. నొప్పి తిన్నగా తగ్గదు. నాలుగు రోజులు బాగుండి ఐదో రోజు మళ్లీ పట్టుకుంటుంది. ఆ ఐదో రోజు మానేసినవాళ్లని ఎంతోమందిని చూశాను. ఆ రోజు సగమే చేద్దురుగాని, రండి.

ఇవాళే ఇంట్లో చేయగలిగింది ఒకటి చెప్పండి.

చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. నడుం కింద ఎంత సందుందో అరచేత్తో చూసుకోండి. ఊపిరి వదులుతూ, పాదాలతో నేలని కొద్దిగా నొక్కి, నడుం చాపకి ఆనేలా కటిని, అంటే నడుం కిందున్న తుంటి ఎముకల భాగాన్ని, దొర్లించండి. పీలుస్తూ వదిలేయండి. పదిసార్లు. తర్వాత పదిసార్లు అందులో సగం కదలిక, ఆ తర్వాత పదిసార్లు పక్కవాళ్లకి కనిపించనంత చిన్నగా. దవడ బిగుసుకుంటోందా, ఒక పక్కే ఎక్కువ ఆనుతోందా, గమనించండి. ఆపి ఒక నిమిషం ఊరికే పడుకుని, మళ్లీ అరచేత్తో ఆ సందు చూడండి. పక్కకి తిరిగి, చేతి ఆసరాతో లేవండి.

మొదటి రోజు ఏం తెచ్చుకోవాలి?

వదులు బట్టలు, దుప్పటి, నీళ్లు. చీరలోనే అలవాటైనవాళ్లు చీరలోనే రండి, కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుంటే చాలు. తరగతికి ముందు రెండు గంటల్లో టిఫిను తినొద్దు, కాఫీ తాగొచ్చు. రిపోర్టులుంటే తెండి. రోజూ వేసుకునే పాత చెప్పులు కూడా వేసుకుని రండి. వాటిని తిరగేసి ఏ పక్క ఎక్కువ అరిగిందో ఇద్దరం కలిసి చూద్దాం. మీ నడక గురించి మొదటి మాట అక్కణ్ణుంచే మొదలుపెడతాను.